కవరు ఎవరిది?

ప్లాస్టిక్ చెత్త మీద ప్రజల కదలికలు: పాఠకుల సందేహాలు, సమాధానాలు

చెరువుల ఆక్రమణల మీద రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ప్లాస్టిక్ గురించే ఉన్నాయి. సమాజశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి రసాయనాల జోలికి పోను. జనం ఎలా కదిలారు, ఎక్కడ ఆగిపోయారు అన్న సంగతి వరకు నాకు తెలిసింది చెబుతాను.

*

మాది కాలువ ఒడ్డు ఊరు. ఎనిమిది నెలలుగా మా డ్వాక్రా సంఘం ఆడవాళ్లం ప్రతి ఆదివారం పొద్దున్నే కాలువ గట్టు శుభ్రం చేస్తున్నాం. మొదట్లో నలభై మందిమి, ఇప్పుడు పదకొండు మందిమి మిగిలాం. మంగళవారానికల్లా మళ్లీ అంతే చెత్త. దీన్ని ఉద్యమం అనొచ్చా అండీ? ఓపిక తగ్గిపోతోంది.
— ఒక గృహిణి, తెనాలి దగ్గర

అమ్మా, ముందు మీ పదకొండు మందికీ నమస్కారం. మీరు చేస్తున్నది సేవ. సేవలో పని మనమే చేస్తాం. ఉద్యమంలో ఆ పని ఎవరి బాధ్యతో కనుక్కుని వాళ్లచేత చేయిస్తాం. ఎనిమిది నెలలుగా మీరు ఎత్తుతూనే ఉన్నారు, ఇది ఎక్కణ్ణించి వస్తోందని ఎవరినీ గట్టిగా అడగలేదు. ఓపిక తగ్గుతున్నది అందుకే.

ముంబైలో వెర్సోవా తీరం సంగతి మీరు వినే ఉంటారు. 2015 అక్టోబరులో అఫ్రోజ్ షా అనే యువ న్యాయవాది, ఎనభై నాలుగేళ్ల పొరుగింటి పెద్దాయన, ఇద్దరే మొదలుపెట్టారు. వారం వారం జనం తోడయ్యారు. 2016లో షాకు ఐక్యరాజ్య సమితి పర్యావరణ పురస్కారం వచ్చింది. 2018లో ఆ ఇసుకలోంచి ఆలివ్ రిడ్లీ తాబేలు పిల్లలు పాక్కుంటూ సముద్రంలోకి వెళ్లాయి. అంత పెద్ద పని జరిగినా, ముంబై మురికి కాలువలు సముద్రంలో కలుస్తున్నంత కాలం అలలు కొత్త చెత్తను తెచ్చి పోస్తూనే ఉంటాయి. మీ మంగళవారం బాధే వాళ్లదీ.

దీనికి ఒక దారి ఫిలిప్పీన్స్‌లో దొరికింది. మనీలా అఖాతంలో ఫ్రీడమ్ ఐలాండ్ అనే చోట 2017 సెప్టెంబరులో కార్యకర్తలు తీరం శుభ్రం చేస్తూ, ఏరిన ప్రతి ప్యాకెట్టునూ తిప్పి చూసి, దాని మీద ఏ కంపెనీ పేరుందో రాసుకున్నారు. దానికి వాళ్లు పెట్టిన పేరు బ్రాండ్ ఆడిట్. మరుసటి ఏడాది 42 దేశాల్లో అదే పని చేసి, లక్షా 87 వేలకు పైగా ముక్కలు లెక్కపెట్టారు. అంతకుముందు 'జనానికి బుద్ధి లేదు' అని ముగిసే మాట, ఆ జాబితా చేతికొచ్చాక 'ఈ ప్యాకెట్టు తయారుచేసినవాళ్లు దీన్ని వెనక్కి ఎందుకు తీసుకోరు?' అనే ప్రశ్న అయింది. కంపెనీలు జవాబు చెప్పుకోవలసి వచ్చింది.

వచ్చే ఆదివారం మీరూ చేసి చూడండి. ఎత్తిన చెత్తను ట్రాక్టరులో వేయకముందే ఒక పాత పట్టా పరిచి పోయండి. ఒకసారి మా విద్యార్థులతో నేను కూర్చుని చేశాను. పట్టా మీద పోసినప్పుడు అంతా ఒకటే మురికి కుప్ప. గంట గడిచేసరికి కుప్పలు విడిపోయాయి: గుట్కా ప్యాకెట్లు, షాంపూ ప్యాకెట్లు, తాగి పారేసిన వాటర్ ప్యాకెట్లు, సాంబారు ఇంకా అంటుకుని ఉన్న పార్సిల్ కవర్లు. వాటి అడుగున చిటికెన వేలి గోరంత తెల్లటి ముక్కలు వందల కొద్దీ కనిపించాయి. అవేమిటో మాలో ఎవరికీ వెంటనే తట్టలేదు. వంటింట్లో రోజూ కత్తెర పట్టే అమ్మాయి ఒకతె గుర్తుపట్టింది, అవి పాల కవర్ల మూలలు. కవరును పాత సామాన్లవాడు కొంటాడు. మూలను ఎవరూ కొనరు, అది నీళ్లతోపాటు కాలువలోకి పోతుంది. మూల పూర్తిగా తెగకుండా కత్తిరించాలని మా వీధి మొత్తానికి ఆ పిల్లే చెప్పింది.

మీ లెక్క తేలాక ఏ కుప్ప ఎవరి ముందు పెట్టాలో మీకే తెలుస్తుంది. పార్సిల్ కవర్లు ఎక్కువ ఉంటే సెంటర్లో హోటళ్ల వాళ్లతో మాట్లాడాలి. ఊళ్లో చెత్త బండి తిరగకపోతే పంచాయతీని అడగాలి. 2016లో వచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిబంధనలు పట్టణాలతోపాటు గ్రామ పంచాయతీలకూ వర్తిస్తాయి, కాబట్టి గ్రామసభలో ఆ నిబంధనల కాగితం చదివి అడిగే హక్కు మీకుంది. మానేసిన ఇరవై తొమ్మిది మందిలో చాలామంది లెక్క రాయడానికి వస్తారు, చూడండి. నడుం వంచలేనివాళ్లు కూడా పెన్ను పట్టుకోగలరు.

*

సార్, సామాజిక ఉద్యమాల దశలు మాకు సిలబస్‌లో ఉన్నాయి: అశాంతి, ఉద్వేగం, సంస్థలు ఏర్పడటం, చివరికి వ్యవస్థలో భాగం కావడం. ప్లాస్టిక్ విషయంలో ఈ దశలన్నీ నిజంగా జరిగిన చోటు ఏదైనా ఉందా?
— డిగ్రీ విద్యార్థిని, కర్నూలు

ఉందమ్మా, మన పొరుగునే. అమెరికన్ సమాజశాస్త్రవేత్త హెర్బర్ట్ బ్లూమర్ చెప్పిన ఈ నాలుగు దశలను బంగ్లాదేశ్‌లో ఒక్కొక్కటిగా వేలు పెట్టి చూపించవచ్చు. నాలుగో దశ తర్వాత ఏమవుతుందో కూడా అక్కడే కనిపిస్తుంది, అది మీ పుస్తకంలో సరిగా ఉండదు.

1980లలో ఢాకా బజార్లకు పాలిథిన్ కవరు వచ్చింది. జనపనార పండే దేశం, చేతిలో గోనె సంచితో బజారుకు వెళ్లే జనం. ఉచితంగా ఇచ్చే కవరు ముందు సంచి ఓడిపోయింది. 1988లో మహా వరద వచ్చింది, దేశంలో సుమారు మూడింట రెండు వంతులు మునిగింది. నదుల నీరు తగ్గుముఖం పట్టినా ఢాకా వీధుల్లో నీరు కదల్లేదు. మురికి కాలువల మూతలు తెరిస్తే కవర్లు. ఇది అశాంతి దశ.

అయితే వరద వచ్చిన మర్నాడే జనం కవరు మీద తిరగబడ్డారనుకోకండి. వరదంటే వానల తప్పు, నది తప్పు, దేవుడి పరీక్ష. ఆ వరదకూ మన చేతిలోని కవరుకూ మధ్య గీత గీసి చూపించే మనిషి కావాలి. సమాజశాస్త్రంలో దీన్నే ఫ్రేమింగ్ అంటారు, కష్టానికి ఒక కారణాన్ని, ఒక బాధ్యుణ్ణి చూపించడం అన్నమాట. 1990లో ఎస్డో అనే పర్యావరణ సంస్థ ఆ పని చేపట్టింది. ఎనిమిదేళ్ల పాటు ఆ మాట నెమ్మదిగానే పాకింది. 1998లో మళ్లీ మహా వరద వచ్చి రెండు నెలలకు పైగా నిలిచింది. ఈసారి జనానికి కారణం ముందే తెలుసు. పదేళ్ల కిందట కేవలం కోపంగా ఉన్నది ఇప్పుడు డిమాండు అయింది. ఉద్వేగం, సంస్థలు అనే రెండు దశలూ ఇవే. 2002 జనవరి 1న ఢాకాలోనూ, మార్చి 1న దేశమంతటా పల్చటి పాలిథిన్ కవర్లను నిషేధించారు. ప్రపంచంలో అలా చేసిన మొదటి దేశం బంగ్లాదేశ్. ఇది నాలుగో దశ.

మొదట్లో బజార్లు నిజంగానే మారాయి. తర్వాత తనిఖీలు సన్నగిల్లాయి. కవరు కంటే చవకైన సంచిని ఎవరూ అందించలేకపోయారు. చాటున నడిచే కార్ఖానాలు మిగిలాయి. కొన్నేళ్లకే కవరు చేపల బజారుకు తిరిగొచ్చేసింది. చట్టం రాగానే గెలిచామని కార్యకర్తలు ఇళ్లకు వెళ్తారు, కార్ఖానా యజమాని మాత్రం వెళ్లడు. 2024లో అక్కడ ప్రభుత్వం మారాక, పర్యావరణ న్యాయవాదిగా దశాబ్దాలు పోరాడిన సయ్యదా రిజ్వానా హసన్ ఆ శాఖ బాధ్యత చేపట్టి, అక్టోబరు 1 నుంచి సూపర్ మార్కెట్లలో, నవంబరు 1 నుంచి మామూలు బజార్లలో, పాత నిషేధాన్నే మళ్లీ అమలుకు తెచ్చారు. ఇరవై రెండేళ్ల నాటి చట్టాన్ని మళ్లీ మొదటి నుంచి అమలు చేయవలసి వచ్చిందంటే, నాలుగో దశను గమ్యం అనుకోకూడదని తెలుస్తోంది కదా. పరీక్షలో ఈ ఉదాహరణ రాయండి.

*

మా జిల్లాలో ఆవుల కడుపులోంచి కిలోల కొద్దీ కవర్లు తీశారని, దాని మీద సుప్రీంకోర్టుకు కూడా వెళ్లారని విన్నాను. ఆ కేసు వల్ల ఏమైనా జరిగిందా? మా వీధిలో ఇప్పటికీ ఆవులు చెత్తకుండీ దగ్గరే తింటున్నాయి.
— విశ్రాంత ఉపాధ్యాయుడు, హిందూపురం

అయ్యా, మీరు విన్నది నిజం. పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ ఉంది, దాన్ని నడిపింది క్లెమెంటీన్ పావ్స్ అనే ఆవిడ. అక్కడికి తెచ్చిన ఒక ఆవు కడుపులోంచి 53 కిలోల ప్లాస్టిక్ తీశారు. సుమారు ఒక బస్తా బియ్యం బరువు.

ఆవు కవరును ఎందుకు తింటుందని చాలామంది అడుగుతారు. ఆవుకు పై దవడలో ముందు పళ్లుండవు. నాలుకతో చుట్టి లాక్కుని మింగేస్తుంది, తీరిగ్గా పడుకున్నాక నెమరు వేసుకుంటుంది. మనం మిగిలిన అన్నం, కూర, అరటి తొక్కలు కవర్లో వేసి, వాసన రాకుండా గట్టిగా ముడి వేసి పారేస్తాం. ఆ ముడి విప్పే చేతులు ఆవుకు లేవు. కవరుతో సహా మింగుతుంది. అన్నం అరుగుతుంది, కవరు మాత్రం మొదటి పొట్టలోనే ఉండిపోతుంది. ఏళ్ల తరబడి ఒకదానికొకటి చుట్టుకుని, మోకులా పెనవేసుకుని, దారాలతో మేకులతో కలిసి గట్టి ముద్ద అవుతుంది. పశువైద్యులు ఎడమ డొక్క కోసి, భుజం దాకా చెయ్యి పెట్టి, ఆ ముద్దను మూరలు మూరలుగా బయటికి లాగుతారు. బయట నుంచి చూస్తే ఆవు కడుపు నిండుగా, సూడిదేమో అన్నట్టు ఉంటుంది. లోపల మేతకు చోటు లేక అది ఆకలితో చస్తుంటుంది.

ఈ శస్త్రచికిత్సలను చిత్రీకరించి కునాల్ వోహ్రా 'ద ప్లాస్టిక్ కౌ' అనే డాక్యుమెంటరీ తీశారు. 2012లో కరుణ సొసైటీ, మరికొందరు జంతు ప్రేమికులు కలిసి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. విచారణలో ధర్మాసనం ప్లాస్టిక్ సంచుల ముప్పును అణుబాంబుతో పోల్చింది. మురికి కాలువ పూడిపోయిందంటే పేజీ తిప్పేసే పాఠకులు ఆ ఆవు ఫొటో దగ్గర ఆగారు. ఇంతకుముందు కార్యకర్తల మాట వినని ఇళ్లలోకి, గుళ్లలోకి విషయం చేరింది. ఉద్యమానికి కొత్త మనుషులు అలాగే వస్తారు, వాళ్లకు ముందునుంచీ ప్రేమ ఉన్న దాని ద్వారా.

ఇక ఏం జరిగిందంటే: 2016 నిబంధనలతో క్యారీ బ్యాగుల కనీస మందం 40 నుంచి 50 మైక్రాన్లకు, 2021 సెప్టెంబరు 30 నుంచి 75కు, 2022 డిసెంబరు 31 నుంచి 120కి పెరిగింది. 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, ప్లేట్లు, చెంచాల వంటి ఒక్కసారి వాడి పారేసేవి కొన్నింటిని దేశమంతటా నిషేధించారు. మైక్రాన్ల వెనక ఉన్న తర్కం సులువైనదే. కవరు పల్చగా ఉంటే కిలో పోగవడానికి వందలు ఏరాలి, కాబట్టి ఎవరూ ఏరరు. మందంగా ఉంటే దుకాణదారు ఊరికే ఇవ్వడు, ఏరేవాడికీ నాలుగు డబ్బులొస్తాయి.

మీ వీధి ఆవు మాత్రం ఇవేవీ చదవదు. ఆ కేసులో కవర్ల నిషేధంతోపాటు తెరిచి ఉంచే చెత్తకుండీలను తీసేయాలని, ఇంటింటి నుంచి చెత్త తీసుకోవాలని కూడా అడిగారు. పత్రికలు నిషేధం గురించే రాశాయి గానీ, నా ఉద్దేశంలో ఆవును కాపాడేది ఈ రెండో మాటే. మీరు నలుగురు పెద్దలు కలిసి మున్సిపల్ కమిషనర్‌ను దీని గురించే అడగండి.

*

నాకు చిన్న కిరాణా కొట్టు. ఏడాదిలో రెండుసార్లు తనిఖీకి వచ్చి జరిమానా వేశారు. కవరు ఇవ్వకపోతే గిరాకీ పక్క కొట్టుకు పోతుంది. తయారుచేసేవాణ్ణి ఎవరూ అడగరు. మీ ఉద్యమాలన్నీ మా మీదేనా సార్?
— ఒక వ్యాపారి, నిజామాబాద్

మీ కోపం న్యాయమైనది, దాన్ని కాదనను. తోపుడుబండి మీద, కిరాణా కొట్టు మీద మొదలై అక్కడే ఆగిపోయే నిషేధం అన్యాయమని నేనూ అనుకుంటాను. అలా ఆగిపోవడం వెనక పాత చరిత్ర ఉంది.

1953లో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రం, ఒకసారి తాగి పారేసే సీసాల్లో బీరు అమ్మకూడదని చట్టం చేసింది. పొలాల్లో పడేసిన సీసాలు పశువులకు ప్రాణాంతకమవుతున్నాయని రైతులు మొరపెట్టుకున్నారు. అదే ఏడాది ప్యాకింగు, పానీయాల కంపెనీలు కలిసి 'కీప్ అమెరికా బ్యూటిఫుల్' అనే సంస్థ పెట్టాయి. శుభ్రంగా ఉండండి, చెత్త వేయకండి అని ప్రజలకు నేర్పడం దాని పని. నాలుగేళ్లకు వెర్మాంట్ చట్టం గడువు తీరిపోయింది, సంస్థ మాత్రం బాగా ఎదిగింది. 1971 ధరిత్రీ దినోత్సవాన అది విడుదల చేసిన టీవీ ప్రకటనలో, ఒక ఆదివాసీ పెద్ద చెత్త చూసి కన్నీరు కారుస్తాడు. ఆ నటుడు నిజానికి ఇటలీ మూలాలున్నవాడని తర్వాత తేలింది. కన్నీటి సంగతి వదిలేయండి, అది చెప్పిన మాట చూడండి: తప్పు పారేసేవాడిది. తయారుచేసేవాడు తెర మీదే లేడు. అదే 1971లో ఒరెగాన్ రాష్ట్రం సీసాకు డిపాజిట్టు పెట్టి, ఖాళీ సీసా తెస్తే డబ్బు తిరిగి ఇవ్వాలని చట్టం చేసింది. అంటే వేరే దారి అప్పటికే ఉంది. మనకూ ఉండేది. ఖాళీ గాజు సీసా తెస్తేనే కూల్‌డ్రింకు ఇంటికి ఇచ్చిన రోజులు మీ నాన్నగారి కొట్టులో మీరు చూసే ఉంటారు. ఆ సీసాలు కాలువల్లో తేలేవి కావు.

మన ఉద్యమ చరిత్రలోనే మీ ప్రశ్నకు జవాబుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ సారా మీద తిరగబడ్డారు. మొదట తాగివచ్చిన మొగుణ్ణి నిలదీశారు, ఆ తర్వాత ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్లలో ఒకరైన రోసమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఆ ఉద్యమం ప్రభుత్వాన్ని కుదిపింది మాత్రం, ఆడవాళ్లు సారా వేలంపాటల దగ్గరికి వెళ్లి పాట జరగనివ్వకుండా కూర్చున్నప్పుడు. తాగేవాడి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి వేలానికి. అలా మెట్టు మెట్టుగా సరుకు పుట్టే చోటికి నడిచారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో రెండోది సడలిపోయింది, అది వేరే కథ.

ప్లాస్టిక్ విషయంలో మనం ఇంకా కొట్టు దగ్గరే నిలబడి ఉన్నాం. మెట్టు ఎక్కినవాళ్లు లేకపోలేదు. కెన్యాలో నకూరు పట్టణానికి చెందిన ఫొటోగ్రాఫరు జేమ్స్ వాకిబియా డంపింగ్ యార్డు ఫొటోలతో మొదలుపెట్టిన ప్రచారం దేశమంతా పాకింది. 2017 ఆగస్టు 28న అక్కడ అమల్లోకి వచ్చిన నిషేధం కవర్ల వాడకంతోపాటు తయారీకి, దిగుమతికీ వర్తించింది.

మీరు ఒక్కరే కవరు మానేస్తే గిరాకీ పోతుందన్నది నిజమే. ఇంగ్లండులో మోడ్‌బరీ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి అమ్మాయి రెబెకా హాస్కింగ్ కెమెరా పనిమీద పసిఫిక్ దీవులకు వెళ్లి, ప్లాస్టిక్ మింగి చచ్చిన ఆల్బట్రాస్ పిల్లలను చూసింది. ఇంటికొచ్చి ఊరి వ్యాపారులను కూర్చోబెట్టి తను తీసిన సినిమా చూపించింది. మొత్తం 43 కొట్లవాళ్లు ఒకేమాట మీద నిలిచి 2007 మే 1 నుంచి కవర్లు ఆపేశారు. అందరూ ఒకే రోజు ఆపితే గిరాకీ ఎక్కడికి పోతుంది? మీ వర్తక సంఘంలో ఈ మాట పెట్టండి. ఇంకొకటి: తయారీదారు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, మందం వివరాలు లేని క్యారీ బ్యాగు చట్టం ప్రకారం చెల్లదు. అలాంటి కట్ట తెచ్చిన హోల్‌సేల్ వ్యాపారి నుంచి బిల్లు అడగండి. ఈసారి తనిఖీకి వచ్చినవాళ్ల చేతిలో ఆ బిల్లు పెట్టి, 'ముందు వీళ్ల దగ్గరికి వెళ్లండి' అనండి.

*

మా అమ్మ ఇరవై ఏళ్లుగా చిత్తు ఏరి నన్ను డిగ్రీ దాకా చదివించింది. కాలేజీలో ప్లాస్టిక్ నిషేధం మీద ర్యాలీ అంటే నాకు ఏం చేయాలో తోచలేదు. ప్లాస్టిక్ పోతే మా అమ్మ పని పోదా?
— ఒక విద్యార్థి, విజయవాడ

బాబూ, నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నువ్వు ర్యాలీకి వెళ్లాలి, మీ అమ్మగారు దాని ముందు నడవాలి.

మీ అమ్మగారు ఏ ప్లాస్టిక్ మీద బతికారో చూడు. పాత సామాన్ల కొట్టులో తూకం దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. నీళ్ల సీసాలకు ఒక ధర, బకెట్ల వంటి గట్టి ప్లాస్టిక్‌కు ఒక ధర, పాల కవర్లకు ఒక ధర. చిప్స్ ప్యాకెట్టుకు, షాంపూ ప్యాకెట్టుకు ధరే లేదు. కారణం వాటి తయారీలోనే ఉంది. రెండు మూడు రకాల పల్చటి ప్లాస్టిక్ పొరలను, మధ్యలో లోహపు పూతతో కలిపి అతికిస్తారు. ఆ పొరలను మళ్లీ విడదీయడం గిట్టుబాటు కాదు. నిషేధించమని జనం ముందుగా అడగవలసింది దీన్నే, దీన్ని ఆపితే మీ అమ్మగారికి పోయేది పైసా కూడా లేదు. ఆమె చేతికి మురికి మాత్రం తగ్గుతుంది. ఏ సరుకు తిరిగి వాడుకోవచ్చు, ఏది పనికిరాదు అన్నది పదేళ్లు చదివినవాళ్ల కంటే ఆమె వేళ్లకు బాగా తెలుసు, రుద్ది చప్పుడు విని చెప్పేస్తుంది.

ఈ జ్ఞానాన్ని గుర్తించి కట్టిన సంఘం పూణేలో ఉంది. ఎస్‌ఎన్‌డీటీ మహిళా విశ్వవిద్యాలయం వయోజన విద్య పనిలో ఉన్న లక్ష్మీ నారాయణ్, పూర్ణిమా చికర్‌మానే, చిత్తు ఏరే ఆడవాళ్లతో కలిసి తిరిగారు. 1993లో, హమాలీల నాయకుడు బాబా ఆఢవ్ అండతో, కాగద్ కాచ్ పత్రా కష్టకారీ పంచాయత్ అనే కార్మిక సంఘం పుట్టింది. వాళ్లు మొదట అడిగింది గుర్తింపు కార్డు. పోలీసు ఆపితే చూపించుకోవడానికి ఒక కార్డు, అంతే. మున్సిపాలిటీ ఆమోదించిన కార్డు చేతికొచ్చాక, ఇంటింటి నుంచి చెత్త తీసుకునే పనిని అడిగారు. అలా ఏర్పడిందే స్వచ్ఛ్ అనే సహకార సంఘం. వాళ్లే 2013లో, కాగితంలో కూడా చుట్టకుండా జనం పారేస్తున్న శానిటరీ ప్యాడ్లను మూటగట్టి తయారీ కంపెనీలకే పంపారు. 2016 ఘన వ్యర్థాల నిబంధనల్లో, ప్యాడ్లతోపాటు వాటిని చుట్టి పారేసే సంచి కూడా కంపెనీలే ఇవ్వాలని చేరింది. చిత్తు ఏరే ఆడవాళ్లు కంపెనీ గుమ్మం దాకా వెళ్లారని గుర్తుపెట్టుకో.

ప్లాస్టిక్ మీద ప్రపంచ ఒప్పందం కోసం 2022 మార్చిలో నైరోబీలో దేశాలు తీర్మానం చేశాయి. చిత్తు ఏరేవాళ్ల అంతర్జాతీయ కూటమి ఆ చర్చల్లో మొదటి నుంచీ కూర్చుంటోంది. 2025 ఆగస్టులో జెనీవా సమావేశం ఒప్పందం కుదరకుండానే ముగిసింది. తయారీకే పరిమితి పెట్టాలా వద్దా అన్న దగ్గర తెగలేదు. చూశావా, అక్కడా గొడవ వేలంపాట దగ్గరే.

*

పేపరు గ్లాసు ప్లాస్టిక్ కాదు కదా? పెళ్లికి అవే తెప్పించాం.
— కాకినాడ

చాలా గ్లాసుల్లో లోపలి వైపు పల్చటి ప్లాస్టిక్ పూత ఉంటుంది, లేకపోతే టీకి కాగితం నానిపోతుంది. స్టీలు గ్లాసులు అద్దెకు తీసుకోండి.

*

మా అమ్మాయి స్కూల్లో కవర్ల నిషేధం కోసం సంతకాలు సేకరిస్తోంది. మా ఊరి కౌన్సిల్ తమకు ఆ అధికారం లేదంటోంది. అమెరికాలో ఇలా ఉంటుందా?
— ఒక తండ్రి, డాలస్, టెక్సాస్

టెక్సాస్‌లో అలాగే ఉంది. లారెడో నగరం పెట్టిన కవర్ల నిషేధం, చెత్త విషయంలో రాష్ట్ర చట్టానికి విరుద్ధమని 2018 జూన్‌లో టెక్సాస్ సుప్రీంకోర్టు కొట్టేసింది. 2013 నుంచి ఆస్టిన్‌లో ఉన్న నిషేధం కూడా దాంతో ఆగిపోయింది. న్యూజెర్సీలో మీ బంధువులుంటే అడగండి, 2022 మే 4 నుంచి అక్కడ రాష్ట్రమంతటా కవర్ల నిషేధం ఉంది. అంటే మీ అమ్మాయి అర్జీ మంచిదే, చిరునామా మార్చాలి: ఊరి కౌన్సిల్‌కు కాకుండా ఆస్టిన్‌లోని రాష్ట్ర శాసనసభ్యులకు.

పిల్లలు కదా, ఏం చేస్తారని అనుకోకండి. బాలిలో మెలాటి, ఇసబెల్ విజ్సెన్ అనే అక్కాచెల్లెళ్లు 2013లో పన్నెండు, పదేళ్ల వయసులో ఇదే పని మొదలుపెట్టారు. 2019లో ఆ దీవిలో కవర్ల నిషేధం వచ్చింది. ఆరేళ్లు పట్టింది. అప్పటికి వాళ్లు చిన్నపిల్లలు కారు. ఈ సంగతి మీ అమ్మాయికి ముందే చెప్పండి.

*

సిద్దిపేట వైపు చూసి మా ఊళ్లోనూ స్టీలు బ్యాంకు పెట్టాం. ఐదొందల కంచాలు, గ్లాసులు. మొదటి ఏడాది అందరూ తీసుకెళ్లారు. ఇప్పుడు మళ్లీ థర్మాకోల్ ప్లేట్లకే పోతున్నారు. జనంలో చైతన్యం తగ్గింది, ఏం చేయాలి?
— ఒక సర్పంచ్, మెదక్ జిల్లా

సర్పంచ్ గారూ, చైతన్యం తగ్గలేదేమో. ఐదొందల ఎంగిలి కంచాలు కడిగేదెవరని ఒకసారి అడిగి చూడండి. పెళ్లివారింటి ఆడవాళ్లే అయితే, రాత్రి పదకొండింటికి బగారన్నం జిడ్డు పట్టిన కంచాల గుట్ట ముందు కూర్చున్న మనిషి వచ్చే పెళ్లికి ప్లేట్లే కొనమంటుంది. ఆమెను తప్పు పట్టలేం. మా చిన్నప్పుడు మోదుగాకు విస్తరి ఎత్తి పెంట మీద వేస్తే పశువులు తినేవి, మిగిలింది ఎరువయ్యేది. కడిగే పనే లేదు. ప్లాస్టిక్ ఆ సౌకర్యాన్ని అనుకరించింది. మీ స్టీలు బ్యాంకు ఆ సౌకర్యాన్ని తీసేసి, బదులు ఏమీ ఇవ్వలేదు.

అద్దెలోనే కడిగే కూలి కలపండి. మహిళా సంఘంలో ఇద్దరు ముగ్గురికి ఆ పని అప్పగించి, కంచానికి ఇంత అని లెక్కగట్టి చేతికివ్వండి. పంచాయతీ ట్యాంకు దగ్గర ఒక నల్లా, కింద ఒక సిమెంటు గట్టు కట్టించండి, వంగి కడగనవసరం లేనంత ఎత్తులో. నాకు తెలిసిన ఒక ఊళ్లో నడుము నొప్పి వల్లే ఇద్దరు మానేశారు. గ్లాసులు పోతాయి, అది సహజం. పోయినదానికి ఎంతో ముందే పుస్తకంలో రాసి సంతకం పెట్టించుకోండి, తర్వాత మొహమాటం ఉండదు. ప్లేట్ల దుకాణంవాడు ఇంటికి తెచ్చి ఇస్తాడు కాబట్టి మీరూ పంచాయతీ ట్రాక్టరులో కంచాలు పంపి, తెప్పించుకోండి.

ఈ దసరా నుంచి సంక్రాంతి దాకా ఎన్ని ఫంక్షన్లు జరిగాయో, ఎన్నింటికి కంచాలు వెళ్లాయో, కడిగినవాళ్లకు ఎంత ముట్టిందో గ్రామసభలో చదివి వినిపించండి. ఆ కాగితం ప్రతి ఒకటి నాకూ పంపితే సంతోషిస్తాను, తెనాలి వైపు ఆడవాళ్లకు చూపించాలి.